గల్ఫ్ పోయేవాళ్ల ఇంటి చప్పుడు

మా మరదలి చెవుల గురించి నలుగురికీ చెప్పాలని నాకు చాలా కాలంగా ఉంది. ఆడబిడ్డ మరదలిని మెచ్చుకోవడం మా ఇళ్లలో ఉన్న ఆచారం కాదు. మెచ్చుకుంటే నెత్తికెక్కి కూర్చుంటారని మా అవ్వ అంటుంది. కూర్చోనీ! ఆ పిల్ల లేకుంటే మా తమ్ముడు ఈపాటికి మస్కట్‌లో మళ్లీ లారీ తోలుతూ ఉండేవాడు. అందుకే ఎవరేమనుకున్నా సరే, ఈ ముచ్చట చెప్పి తీరుతాను.

నాది నిజామాబాద్ కంఠేశ్వర్‌లో చిన్న గాజుల దుకాణం. తమ్ముడిది బోధన్‌లో మా బాపు కట్టిన రేకుల ఇల్లు. మమ్మల్ని కన్న ఆ అవ్వ వాడి దగ్గరే ఉంటుంది. బాపు చెరకు లారీ డ్రైవరు. తమ్ముడు ఆయన పక్కన కూర్చునే స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నాడు. చెరకు ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు, సీజన్ వచ్చిందంటే మా ఇంట్లో మగవాళ్లు కంటికి కనిపించేవాళ్లు కారు. అది మూతబడ్డాక లారీలకు కిరాయిలు లేవు. చెరకు ఉన్న చేలలోకి వరి, సోయా వచ్చాయి. లైసెన్సు తప్ప వేరే ఆస్తి లేని మా తమ్ముడు పెళ్లయిన ఏడాదే మస్కట్ పోయాడు. రెండేళ్లకోసారి రావడం, నాలుగు రోజులుండి పోవడం. అలాగే ఏళ్లు గడిచిపోయాయి. వాళ్ల బిడ్డ బడికి పోయే ఈడుకు వచ్చింది.

ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు వాడు వంగి చెప్పులు వేసుకోలేకపోయాడు. నడుము పోయింది.

"అక్కా, ఇగ లారీ ఎక్కుడు నాతోటి గాదు. ఈడనే ఓ పాత కారు కొనుక్కొని కిరాయికి తోలుకుంట" అన్నాడు.

ఇన్నేళ్ల సంపాదనలో ఇంటి ఖర్చులు పోను మిగిలింది ఒక పాత కారుకు సరిపోతుంది. ఆ డబ్బు కారైతే వాడు ఇంటి దగ్గర ఉంటాడు. ఎవడైనా ఎత్తుకుపోతే, బీరువాలో ఉన్న తిరుగు టికెట్ పట్టుకొని మళ్లీ విమానం ఎక్కాల్సిందే. ఇది మా అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరం అనేవాళ్లం కాదు.

ఇప్పుడు పాత బండ్లన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కదా. తమ్ముడు పొద్దున చాయ్ గ్లాసుతో కూర్చుంటే అన్నం వేళ దాకా వేలితో తోస్తూనే ఉండేవాడు. ఫోటోల్లో ప్రతి బండీ పెండ్లిపిల్లలాగే ఉంటుంది. కానీ ఒక మాట చెప్పాలి. ఇనుము విషయంలో మా తమ్ముడిని మోసం చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆర్మూర్‌లో ఒకాయన "ఎక్కువ తిరగలేదు" అని మీటరు చూపిస్తే, వీడు క్లచ్ పెడల్ మీది రబ్బరు చూపించాడు. "గంతనే తిరిగితే గీ రబ్బరు ఎట్ల అరిగిందన్నా? ఎలుకలు కొరికినయా?" అని అడిగి వచ్చాడు. ఇంకోచోట డోరు బోల్టుల మీద పానా గీతలు చూసి, డోరు విప్పి మార్చారని, బండి ఎక్కడో గుద్దుకుందని పట్టేశాడు. మరో బండిలో కింద పరిచిన కార్పెట్ ఎత్తి వాసన చూసి, "ఇది వానల మునిగిన బండి" అని లేచి నడిచాడు. పక్కన నిలబడి చూస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో!

ఇనుము సంగతి అది. మనిషి సంగతి వచ్చేసరికి వాడు వెన్నముద్ద. ఎదుటివాడు కష్టం చెప్పుకుంటే చాలు, కరిగిపోతాడు. ఆ గుణం మా బాపుది.

ఒక ఆదివారం దుకాణం మూసేసి నేను బోధన్ పోయేసరికి తమ్ముడి మొహం వెలిగిపోతోంది. దొరికిందట బండి. తెల్ల కారు, ఒక్కరే ఓనరు, ఊరు నిజామాబాదే. ధర చూస్తే నాకు కళ్లు తిరిగాయి, అంత తక్కువ.

"గింత అగ్గువకు ఎవడిస్తడురా? వానికేమన్న పిచ్చా?" అన్నాను.

"పిచ్చి గాదక్కా, ఆపతి. ఆయనకు దుబాయ్ వీసా వచ్చిందట. వచ్చే వారమే ఫ్లైటు. ఏజెంటుకు కట్టాలె. నేను గూడ మొదలు పోయేటప్పుడు నా మోటర్‌సైకిల్ అగ్గువకే అమ్ముకోలేదా? పాపం, మనలాంటోడే."

చూడండి, ఎక్కడ పట్టుకున్నాడో! వేరే ఊళ్లలో ఇలాంటి మోసగాళ్లు మిలిటరీ అంటారట, బదిలీ అంటారట. మా జిల్లాకు వచ్చేసరికి గల్ఫ్ అన్నాడు. గల్ఫ్ పోతున్నానంటే మా దగ్గర కాదనేవాడెవడు? మా వాడలో ఏ ఇల్లు చూసినా ఒక మనిషి అక్కడే ఉన్నాడు. ఆ మాట వింటే మాకు ఆరా తీయబుద్ధి కాదు, దారి ఖర్చుకు చేతిలో ఏమైనా పెట్టబుద్ధి అవుతుంది.

పాస్‌పోర్టు ఫోటో, వీసా కాగితం, ఆర్‌సీ, బండి చుట్టూ తిరిగి తీసిన వీడియో, అన్నీ పంపాడు ఆ మనిషి. బండి మాక్లూర్‌లో తన బావ ఇంట్లో ఉందట.

"అయితే ఇప్పుడే పోయి సూసొద్దాం పా. మాక్లూర్ ఏమన్న మస్కటా?" అన్నాను.

బావ పెళ్లికి పోయాడట. గేటుకు తాళమట. రేపు పొద్దున చూపిస్తాడట. ఈలోపు వేరే పార్టీ బయలుదేరిందట, బండి మనకే ఉండాలంటే ఈ నిమిషమే బయానా, అంటే అడ్వాన్సు, పంపాలట. ఆ బయానా కూడా చిన్నదేం కాదు, ఉన్నదాంట్లో సగం.

నాకు ఒళ్లు మండింది. కానీ తమ్ముడి మీద అరిచి ఏం లాభం? వాడు బండిని చూడటం లేదు, ఇంటి దగ్గర ఉండిపోవడాన్ని చూస్తున్నాడు. సెలవు అయిపోవస్తోంది. చూసిన బండ్లన్నీ వంకలున్నవే. ఇది కూడా పోతే ఇంకేదీ దొరకదని వాడి భయం. వద్దురా అని నేను అంటూనే ఉన్నాను, వాడి వేలు డబ్బు పంపే బటన్ మీదికి పోతూనే ఉంది.

మరదలు అంతవరకూ గోడకు ఆనుకొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. చాట పక్కన పెట్టి, కొంగుకు అంటిన తంబాకు దులుపుకొని లేచింది.

"జర ఆగు. నేనొకసారి ఆయనతోని మాట్లాడుత."

"బండ్ల గురించి నీకేం తెల్సు?" అన్నాడు తమ్ముడు.

"బండి గురించి నువ్వు మాట్లాడినవు గద. నేను దుబాయ్ గురించి మాట్లాడుత."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, నేల మీద ఉంచి, దాని ముందు కూర్చుని కళ్లు మూసుకుంది. ఇదేం వేషం అనుకున్నాను నేను.

"అన్నా, నమస్తే. మా ఆయన గూడ మస్కట్ల ఉండి వచ్చిండు. వచ్చే వారమే పోతున్నరట గద?"

"అవునమ్మా, టైం లేదు. బయానా ఏస్తున్నరా మరి?" గొంతు మర్యాదగానే ఉంది. యాస కూడా మనదే.

"ఏస్తం అన్నా. మీ ఇంటామె తొక్కు పెట్టిందా? నేనైతే మామిడికాయ తొక్కు కట్టిచ్చేదాన్ని. నూనె కారి బట్టలన్ని ఆగం గాకుంట ఎట్ల కట్టాల్నో ఆమెకు చెప్త, జర ఫోన్ ఇయ్యుండ్రి."



"ఆమె తల్లిగారింటికి పోయిందమ్మా."

"గట్లనా? ఎప్పుడొస్తది?"

"వస్తది... ఇగ ఓ పదిహేను రోజులైతది."

మరదలు కళ్లు తెరిచి నా వైపు చూసింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. వచ్చే వారం సముద్రం దాటి పోయే మొగుడిని వదిలేసి తల్లిగారింట్లో కూర్చునే ఆడదాన్ని నేనైతే ఎక్కడా చూడలేదు!

"అన్నా, ఒక్కసారి వీడియో కాల్ చెయ్యుండ్రి" అంది మరదలు, ఏమీ ఎరగనట్టు.

"బండి మాక్లూర్ల ఉన్నదని చెప్పిన గదమ్మా. ఇప్పుడెట్ల సూపిస్త?"

"బండి వద్దన్నా. మీ సూట్‌కేసు సూపియ్యుండ్రి, సాలు."

ఫోన్ కట్ అయింది.

నేను పకపకా నవ్వాను. తమ్ముడు నవ్వలేదు. వాడికి కోపం వచ్చింది.

"ఏం పని చేసినవే? మంచి బండి పాయె. పాపం, వాళ్లింట్ల ఏదన్న లొల్లి అయ్యి పెండ్లాం అలిగి పోయిందేమో. మనకేం ఎర్క?"

మరదలు గొంతు పెంచలేదు. "పోయే వారం ఇల్లు ఎట్ల ఉంటదో నీకు ఎర్కలేదు. నువ్వు పోయేటోనివి, నీ తలకాయల వేరే పరేషాన్ ఉంటది. నాకెర్క. సుట్టాలు వస్తనే ఉంటరు. పెట్టె తూకం ఏస్తరు, బరువు ఎక్కువైతే తీస్తరు, మల్ల పెడుతరు. అత్తమ్మ దేవుని కాడ కూసుండి గొణుగుతది. పిల్ల ఏడుస్తది. ఒక్కలు గూడ నిమ్మళంగ కూసోరు. ఆయన ఎనుక గా సప్పుడు లేదు. శాన మంది మొగోళ్లు ఉన్నరు గా రూంల. ఎవలి ఫోన్ల వాళ్లు మాట్లాడుతున్నరు. ఒకడైతే మనకు చెప్పిన మాటనే ఇంకెవలికో చెప్తున్నడు, వేరే పార్టీ బయలెల్లిందని."

"గదంత నీకు ఇనవడ్డదా?" అన్నాను. నాకైతే గరగర తప్ప ఏమీ వినపడలేదు.

"మస్కట్ల ఈయన రూం గూడ గట్లనే ఉండేది వదినె. సాయంత్రమైతే అందరు ఒక్కసారే ఇండ్లకు ఫోన్ చేస్తరు. గా మాటలన్నిట్ల నేను ఈయన మాట ఏరుకొని ఇనేదాన్ని. గాని మస్కట్ రూంల తిన్నవా, పిల్ల పండుకున్నదా అని ఇనవడేది. ఈ రూంల బయానా, బయానా అనే ఇనవడుతున్నది."

తమ్ముడు ఫోన్ తీసుకొని అరుగు మీదికి పోయాడు. అలిగాడనుకున్నాను. కాసేపటికి లోపలికి వచ్చి, ఫోన్ మా ఇద్దరి ముందు పెట్టాడు. ఇంకో ప్రకటనలో అదే తెల్ల కారు. వెనక బంపర్ మీద అదే వంకర గీత, టైరు పక్కన అదే పగిలిన టైల్స్ ముక్క. కాకపోతే ఊరు ఆదిలాబాద్, అమ్మేవాడు బదిలీ అయిన బ్యాంకు మేనేజరు. బంపర్ గీతలను అలా గుర్తుపట్టే కన్ను మా తమ్ముడిది, అందులో కూడా అనుమానం లేదు. నంబరు ప్లేటు మీది అంకెలు ప్రభుత్వ యాప్‌లో కొట్టి చూస్తే ఓనరు పేరు ఈ ఇద్దరిలో ఎవరిదీ కాదు.

ఇక నన్ను ఎవరు ఆపుతారు? ఫోన్ గుంజుకొని ఆ నంబరుకు చేశాను. ఎత్తాడు!

"ఏమయ్యా దుబాయ్! నీ నోట్ల మన్నువడ! మావోళ్లు ఎండల మాడి సంపాయించుకొచ్చిన పైసలు నీకు మేతనారా? సూట్‌కేసు సదురుకో, నేనే వచ్చి జైలు కాడ దించిపోత!"

కట్ చేశాడు. మళ్లీ చేస్తే కలవలేదు. నేను ఇంకా సగం కూడా తిట్టలేదు. ఆ మిగిలిన సగం అప్పుడప్పుడు దుకాణంలో బేరం తెగని రోజు గుర్తుకొస్తుంది. పోలీసుల సైబర్ నంబరుకు కూడా ఫోన్ చేసి అన్నీ రాయించాం.

కోపం దిగాక చాయ్ పెట్టుకున్నాం. మరదలు మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది.

"గింత తెలివి ఏడ దాసినవే పిల్లా?" అని అడిగాను. ఎగతాళిగా కాదు, మనసారా.

"తెలివి గాదు వదినె. మీ తమ్ముడే నేర్పిండు."

"నేనా?" అన్నాడు వాడు.

"నువ్వు గాకుంటె ఎవలు? ఇన్నేండ్లు నీతోని ఫోన్లనే గద కాపురం చేసిన. తిన్నవా అంటె తిన్న అంటివి. ఎండ ఎట్లున్నదంటె సల్లగనే ఉన్నదంటివి. నీ నోట్లకెళ్లి ఏనాడన్న నిజం వచ్చిందా? నీ ఎనుక ఇనవడే సప్పుడే నాకు నిజం చెప్పేది." ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా చెప్పుకుపోతోంది. "పోయిన ఎండకాలం, జర జలుబు చేసింది, రూంల పండుకున్న అంటివి. నీ ఎనుక చక్రాల మంచం గుంజుకపోతున్న సప్పుడు. ఒకామె వరుసగ పేర్లు పిలుస్తున్నది. ఆస్పత్రిల ఉన్నవని నాకు గప్పుడే ఎర్కైంది."

తమ్ముడు చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఆస్పత్రి సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. వాడు ఎవరికీ చెప్పలేదు.

"ఎర్కైతే మరి ఎందుకు అడగకపోతివి?" అన్నాడు.

"అడిగితే ఏం జేస్తుంటివి? ఇంకో అబద్ధం ఆడుతుంటివి. నడుం నొప్పితోని పండుకున్న మనిషికి మల్ల గదొక పని."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధం పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు, గాజుల దుకాణంలో నేనూ రోజూ పట్టుకుంటాను. పట్టుకున్న మరుక్షణం నా నోరు ఊరుకోదు, అంతే. ఈ పిల్ల ఆ రోజు ఫోన్ పెట్టేసి, అత్తకు అన్నం పెట్టి, బిడ్డను పండబెట్టి, ఎవరికీ చెప్పకుండా ఎలా ఉండగలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేనైతే బోధన్ నుంచి మస్కట్ దాకా అందరినీ లేపేదాన్ని. ఎంత గట్టి గుండె!

ఆ రోజు నుంచి ఇంట్లో పద్ధతి మారింది. ఏ బండి నచ్చినా అమ్మేవాళ్లతో మొదటి ఫోన్ మరదలే మాట్లాడాలి. ఆమె సరే అంటేనే తమ్ముడు బండి చూడటానికి పోవాలి. ఎదురుగా బండిని, కాగితాలను, మనిషిని చూడకుండా ఒక్క పైసా కదలకూడదు. కొందరు ఆమెతో మాట్లాడటానికే ఒప్పుకోలేదు. "ఆడోళ్లకేం తెలుస్తదమ్మా, మీ సార్‌కు ఇయ్యుండ్రి" అన్నాడొకడు. వాడి బండి చూడనే లేదు.

చివరికి నిజామాబాద్‌లోనే ఒక రిటైరైన సారు కారు దొరికింది. ముగ్గురం పోయాం. తమ్ముడు బానెట్ ఎత్తి, కిందికి దూరలేక మూలుగుతూనే దూరి, ఇంజన్ దగ్గర చెక్కిన నంబరును ఆర్‌సీతో పోల్చి చూసుకున్నాడు. లోను మిగిలి ఉందేమో యాప్‌లో చూశాడు. నేను సారుతో బేరం మొదలుపెట్టాను. మరదలు మంచినీళ్ల కోసమని వంటింట్లోకి పోయింది. సారు భార్య ఆమెకు నీళ్లిచ్చి మెల్లగా చెప్పిందట, "నడిఎండల ఏసీ సరిగ్గ పనిచెయ్యది బిడ్డా. మా సారు చెప్పడు గని నువ్వు రిపేరు చేయించుకో. చిన్నపిల్ల ఉన్నదంటివి గద" అని.

మరదలు బయటికి వచ్చి, "తీసుకుందాం" అంది. ఏసీ రిపేరు ఖర్చు నేను బేరంలో తగ్గించుకున్నాను. సారు వంటింటి వైపు గుర్రుగా చూశాడు. ఆర్‌టీఓ ఆఫీసులో సంతకాలు అయ్యాకే డబ్బు చేతులు మారింది.

తిరుగు టికెట్ తేదీ వచ్చింది. ఆ రోజు తమ్ముడు పొద్దున్నే బకెట్ తీసుకొని, మచ్చ లేని కారును మధ్యాహ్నం దాకా కడిగాడని మరదలు తర్వాత చెప్పింది.

ఒక మంచిరోజు చూసి కందకుర్తి పోయాం. నదులు కలిసే చోట కారుకు పూజ చేయించి, కొబ్బరికాయ కొట్టి బోధన్ వచ్చేసరికి మొదటి కిరాయి ఇంటి ముందు నిలబడి ఉంది. మా వాడలో ఒకామె కొడుకు కువైట్ పోతున్నాడు. మర్నాడు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపాలి. తమ్ముడు సంతోషంగా ఒప్పుకున్నాడు. నేను ఆ రెండు రోజులు అక్కడే ఉండిపోయాను.

తెల్లవారుజామున పెట్టెలు డిక్కీలోకి ఎక్కాయి. ఆ అబ్బాయి తల్లి కారు తలుపు పట్టుకొని వదలదు. తమ్ముడు డ్రైవరు సీట్లో కూర్చుని, మా వైపు చెయ్యి ఊపి కదిలాడు. కారు మలుపు తిరిగి పోయింది. వాడకట్టు వాళ్లంతా లోపలికి పోయారు. మరదలు మాత్రం ఆ మలుపు వైపు చూస్తూ అలాగే నిలబడింది.

ఆ రోజు ఆమె చాట ముట్టలేదు. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. అన్నం పెట్టుకొని రెండు ముద్దలు కలిపి లేచింది.

"ఓ పిల్లా, నీ మొగడు బండి తోలపోయిండు. కువైట్ పోలేదు" అని ఆట పట్టించాను.

"ఎర్కనే వదినె" అంది. ఎరుక ఉన్న మనిషిలా మాత్రం లేదు. వాడికి ఒక్క ఫోన్ కూడా చేయలేదు. నేను చేస్తానంటే, తోలేటప్పుడు వద్దంది.

వీధి దీపాలు వెలిగే వేళకు కారు వచ్చి ఇంటి ముందు ఆగింది. తమ్ముడు నడుము పట్టుకొని మెల్లగా దిగాడు. తలుపు ఇంకా వేయనే లేదు, మరదలు ఉరికి వాడి అంగీ రెండు చేతులా పట్టుకుంది. నా ముందు, మా అవ్వ ముందు, అరుగుల మీద కూర్చున్న వాడకట్టు వాళ్లందరి ముందు, ఛాతీకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. వాడు మస్కట్ పోయిన ఏ ఒక్కసారీ ఆమె ఏడవగా నేను చూడలేదు.

"ఏమైందే? తోవల జర లేటైంది, గంతే" అన్నాడు వాడు బిక్కమొహం వేసుకొని.

"ఎయిర్‌పోర్టుకు పోయి, ఇంటికి వచ్చినవు" అంది మరదలు. "పోయి, వచ్చినవు."